చీమకుర్తి యార్డులో కర్రి: ఒక నల్ల కుక్కను బ్లాక్ అండ్ వైట్‌లో తీసిన కేస్ స్టడీ

నల్ల కుక్కను ఫోటో తీయడం కష్టమని అందరూ అంటారు. నిజమే, కానీ అది వెలుతురుకు సంబంధించిన కష్టం. నేర్చుకుంటే తీరిపోతుంది. ఆ కుక్క గుణం ఫోటోలోకి రావడం దానికంటే పెద్ద కష్టం. ఈ రెండూ ఒకే పనిలో నాకు ఎదురయ్యాయి కాబట్టి మొదటి నుంచి చివరి దాకా రాసి పెడుతున్నాను. పెళ్లిళ్లు లేని రోజుల్లో పెంపుడు జంతువుల ఫోటోలు తీసే తోటి ఫోటోగ్రాఫర్లకూ, ఇంట్లో నల్ల కుక్క ఉన్నవాళ్లకూ పనికొస్తుంది.

పని ఎలా వచ్చింది

ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే రోడ్డులో ఇరవై కిలోమీటర్లు దాటాక చీమకుర్తి వస్తుంది. బ్లాక్ గెలాక్సీ అనే, చుక్కలు మెరిసే నల్ల గ్రానైట్‌కు పేరుపడ్డ ఊరు. రామతీర్థం వైపు క్వారీలు, రోడ్డుకు అటూ ఇటూ కటింగ్, పాలిషింగ్ యూనిట్లు ఉంటాయి. అలాంటి ఒక యూనిట్లో చాలా ఏళ్లుగా వాచ్‌మన్‌గా ఉన్న పెద్దాయన కూతురు నాకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి నెల్లూరులో ఒక మెడికల్ షాపులో పనిచేస్తుంది. యార్డులో వాళ్ల నాన్నతో ఉండే కుక్క ఫోటో ఒకటి పెద్దది చేయించి ఇంట్లో పెట్టుకోవాలని ఆమె కోరిక. కుక్క పేరు కర్రి. ఆడ కుక్క, వయసు ఏడెనిమిదేళ్లు ఉంటుంది.

"ఫోన్లో ఎన్ని తీసినా నల్ల ముద్దలా వస్తుందన్నా. కళ్లు యాడున్నాయో కూడా తెలవడంలా. మా కర్రి అట్టా ఉండదు" అంది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. నాన్న పని మానేసి త్వరలో నెల్లూరు వచ్చేస్తాడు, కర్రి మాత్రం రాదు. ఒకసారి ఆటోలో ఎక్కించి చూశారట. గేటు దాటకముందే దూకేసింది. అది యార్డు కుక్క, యార్డులోనే ఉంటుంది. కొత్తగా వచ్చే వాచ్‌మన్ అన్నం పెడతానని మాటిచ్చాడు. కాబట్టి ఆ ఇంటికి వెళ్లేది ఫోటో ఒక్కటే.

ఆమె వాట్సాప్‌లో పంపిన ఫోటోలు చూస్తే కారణం వెంటనే తెలిసిపోయింది. గ్రానైట్ కోసేటప్పుడు నీళ్లతో కలిసి వచ్చే రాతిపొడి బురద, అంటే స్లర్రీ, యార్డంతా పరుచుకుని, ఆరిపోయాక తెల్లగా అయిపోతుంది. ఆ తెలుపు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ, దాని ముందు నల్ల కుక్క. ఏ కెమెరా అయినా ఫ్రేమ్ మొత్తాన్ని సగటున ఒక మధ్యరకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. ఫ్రేమ్‌లో తెలుపు ఎక్కువగా ఉంటే వెలుతురు తగ్గించేస్తుంది. ఆ తగ్గింపులో కుక్క ఒంటి మీద ఉన్న వివరమంతా పోతుంది. కుక్కే ఫ్రేమ్ నిండా ఉంటే వ్యవహారం తిరగబడుతుంది. వెలుతురు పెంచేసి నల్ల కుక్కను బూడిద కుక్కగా చూపిస్తుంది. ఆమె పంపిన ఫోటోల్లో రెండు రకాలూ ఉన్నాయి.

"అట్టా ఉండదు అన్నావు కదమ్మా, మరి ఎట్టా ఉంటుంది?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది. "ఎవరి దగ్గరికీ రాదన్నా. కానీ నాన్న యాడున్నాడో దానికి ఎప్పుడూ తెలుసు" అంది.

నాకు కావాల్సింది అదే. చాలామంది మావాడు చాలా తెలివైనవాడు, భలే యాక్టివ్ అంటారు. ఆ మాటలతో ఫోటో తీయలేం. ఆ కుక్క ఏం చేస్తుందో, ఎవరి కోసం చేస్తుందో చెప్పే ఒక్క వాక్యం దొరికితే చాలు. మిగతా పని కెమెరా పెట్టుకుని చేసుకోవచ్చు.

రంగు ఎందుకు వద్దనుకున్నాం

బ్లాక్ అండ్ వైట్ అనగానే పాతకాలపు అందం, కళాత్మకం అంటూ మొదలుపెడతారు. నేను ఆ కారణంతో ఎంచుకోలేదు. యార్డులో పసుపు రంగు క్రేన్ ఉంది, నీలం టార్పాలిన్లు ఉన్నాయి, ఆకుపచ్చ పైపులు, నారింజ హెల్మెట్లు ఉన్నాయి. వీటన్నిటి మధ్య కర్రి నల్లగా ఉంటుంది. కలర్ ఫోటోలో చూసేవాళ్ల కన్ను ముందు క్రేన్ మీద, తర్వాత టార్పాలిన్ మీద పడి, ఆఖరికి కుక్క దగ్గరకు వస్తుంది. రంగు తీసేస్తే క్రేన్, టార్పాలిన్, హెల్మెట్ అన్నీ బూడిద రంగులోకి దిగిపోతాయి. అప్పుడు యార్డులో అన్నిటికంటే నల్లనిది కర్రే కాబట్టి కన్ను నేరుగా దాని మీదికే వెళుతుంది.

అయితే రంగు తీసేసినంత మాత్రాన గుణం బయటికి వచ్చేయదు. ఈ మాట ఆ అమ్మాయికీ చెప్పాను. రంగు పోయాక మిగిలేది వెలుగు, నీడ, ఒంటి గీత. ఆ గీతలో ఏమీ లేకపోతే ఫోటోలో ఏమీ మిగలదు. మంచి బొచ్చు, అందమైన కళ్లు, ముద్దొచ్చే ముఖం ఉన్న కుక్క కలర్‌లో ఎలాగో గట్టెక్కుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో మాత్రం అది ఎలా నిలబడింది, బరువు ఏ కాలి మీద వేసింది, మెడ ఎటు తిప్పింది, చెవులు ఎటు పెట్టింది అన్నవే మాట్లాడతాయి. కుక్క గుణం ఉండేది కూడా అక్కడేనని నా నమ్మకం. అందుకే కర్రి ఒంటిని చదవడం మొదటి పని అనుకున్నాను.

కెమెరా లేకుండా

మొదట్లో కెమెరా బండి పెట్టెలోనే ఉంచి యార్డుకు వెళ్లేవాణ్ణి. వాచ్‌మన్ షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుని పెద్దాయనతో మాట్లాడటం, టీ తాగటం, కర్రిని నేరుగా చూడకుండా ఓరకంట గమనించటం. కుక్కను తేరిపార చూస్తే దానికది బెదిరింపు. లెన్సు అయితే ఇంకా పెద్ద కన్ను.

మన ఊళ్లలో కుక్కల ఫోటోలు తీసేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. కెమెరాను కుక్క ఎత్తుకు దించాలని అందరూ చెబుతారు, మంచి సలహానే. ఎలియట్ ఎర్విట్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ 1974లో న్యూయార్క్‌లో తీసిన ఫోటో ఒకటి ఉంది. అందులో ఒక చిట్టి కుక్క, దాని పక్కన మనిషి కాళ్లు, ఇంకో పెద్ద కుక్క కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. కెమెరా ఆ చిట్టి కుక్క ఎత్తులో ఉండబట్టే ఆ ఫోటో పుట్టింది. కానీ మన వీధుల్లో పెరిగిన కుక్క ఎదురుగా మనిషి వంగాడంటే దానికి తెలిసిన అర్థం ఒకటే: రాయి తీసుకుంటున్నాడు. చేతిలో ఏమీ లేకపోయినా సరే, వంగిన క్షణమే తోక ముడుచుకుని పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు తీసిన ఫోటోలో ఉండేది దాని గుణం కాదు, దాని భయం. అందుకని కర్రి చూస్తుండగా నేను ఎప్పుడూ వంగలేదు. అది రాకముందే నేల మీద ఒక గోనెసంచి పరుచుకుని కూర్చునేవాణ్ణి. అది వచ్చేసరికి నేను అప్పటికే కింద ఉన్న మనిషిని. లేచేటప్పుడు కూడా అది అటు వెళ్లాకే లేచేవాణ్ణి.

"ఏందబ్బాయ్, అట్టా మట్టిలో కూర్చున్నావు, కుర్చీ ఏస్తా ఉండు" అని పెద్దాయన రోజూ అనేవాడు.

బిస్కెట్లు కూడా తీసుకెళ్లలేదు. బిస్కెట్ చూపిస్తే ఏ కుక్కదైనా ఒకటే ముఖం: చెవులు రెండూ ముందుకు, కళ్లు మన చేతి మీద. కీచుమనే బొమ్మ నొక్కితే తల పక్కకు వంచుతుంది, అందరూ ఆహా అంటారు. ఆ వంపు ఏ కుక్కకైనా వస్తుంది. మధ్యాహ్నం నోరు తెరిచి నాలుక బయటపెట్టిన ఫోటో చూసి నవ్వుతోంది అంటారు. మన ప్రకాశం జిల్లా ఎండలకు అది ఒగరుస్తోంది, అంతే. కుక్క ఒంట్లోని వేడి ఎక్కువగా ఒగర్పు ద్వారానే తగ్గుతుంది. పెదాలు నాకడం, ఊరికే ఆవులించడం, తల తిప్పుకుని కళ్ల తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం ఇవన్నీ ఇబ్బంది పడుతున్న కుక్క లక్షణాలు. ఇవి కనపడితే నేను కెమెరా దించేస్తాను. ఆ రోజుకు పని అయిపోయినట్టే.

అలా కూర్చున్న రోజుల్లో తెలిసిన సంగతులు ఇవి. క్రేన్ ఆపరేటర్ క్యాబిన్ ఎక్కడం చూస్తే చాలు, ఇంజన్ స్టార్ట్ కాకముందే కర్రి లేచి క్రేన్ దారిలోంచి తప్పుకుంటుంది. ఆనించి నిలబెట్టిన స్లాబుల (రాతి పలకల) కింద ఎంత నీడ ఉన్నా పడుకోదు. మధ్యాహ్నం కింద పరిచిన పాలిష్ స్లాబు మీద పొట్ట ఆనించి పడుకుంటుంది, చల్లగా ఉంటుంది కాబట్టి. లారీ వస్తే మొరగదు. లేచి గేటుకూ షెడ్డుకూ మధ్యలో నిలబడుతుంది, అంతే. డ్రైవర్లు అక్కడే ఆగిపోతారు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు అన్నం పెడితే వాళ్లు దూరం వెళ్లేదాకా ఆగి తింటుంది.

చివరికి నాకు అర్థమైంది దాని ఎడమ చెవి. కర్రికి చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి. కుడి చెవి కొస ఎప్పుడో చినిగిపోయింది. కుక్కలు రెండు చెవుల్నీ వేరువేరుగా తిప్పగలవు. కర్రి గేటు వైపు చూస్తున్నప్పుడు కుడి చెవి గేటు వైపే ఉంటుంది, ఎడమది మాత్రం వెనక్కి, పెద్దాయన ఉన్న వైపుకు తిరిగి ఉంటుంది. ఆయన షెడ్డులోంచి లేచి నీళ్ల తొట్టి దగ్గరకు వెళితే, తల కదలకుండానే ఆ చెవి ఆయనతో పాటు తిరుగుతుంది. దగ్గినా, బీడీ కోసం అగ్గిపుల్ల గీసినా ఆ చెవి కొస అదురుతుంది. ఇన్నేళ్లలో ఆయన కూడా దీన్ని గమనించలేదు. నేను చెప్పాక, కావాలని అటూ ఇటూ నడిచి చూసుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

నాన్న యాడున్నాడో దానికి ఎప్పుడూ తెలుసు అన్న మాటకు రూపం అదే. ఇక తీయాల్సిన ఫోటో ఏమిటో తెలిసిపోయింది. ముఖం గేటు వైపు, చెవి ఆయన వైపు.

వెలుతురు

నల్లని వస్తువును మనం దాని మీద పడే మెరుపు వల్లే చూడగలం. నల్ల బొచ్చు వెలుతురును చాలావరకు మింగేస్తుంది. వెంట్రుకల వాలు మీద జారి వచ్చే మెరుపు ఒక్కటే కెమెరాకు అందుతుంది. ఎదురుగా నుంచి వచ్చే వెలుతురులో ఆ మెరుపు ఉండదు, కుక్క చదునుగా అయిపోతుంది. పక్క నుంచో, కొంచెం వెనక పక్క నుంచో వస్తే వెన్ను గీత, మెడ కండ, దవడ అన్నీ ఒక్కొక్కటే విడివిడిగా కనిపిస్తాయి. ఫ్లాష్ మాటే వద్దు. కుక్క కంటి లోపల వెనకవైపు వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, కెమెరా మీది ఫ్లాష్ పడితే కంటిపాప ఉండాల్సిన చోట ఒక తెల్లటి మచ్చ మిగులుతుంది.

నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు మన దగ్గర నాలుగైదు రోజులు మబ్బుగా ఉంటుంది కదా, అలాంటి రోజుల తర్వాత, వాన తెరిపిచ్చినా మబ్బు వీడని ఉదయాలు ఎంచుకున్నాను. షెడ్డుకు పైన రేకులు, ఒక పక్క మొత్తం ఖాళీ. ఆ ఖాళీలోంచి వచ్చే ఆకాశపు వెలుతురు మెత్తగా, ఒకే వైపు నుంచి వస్తుంది. కర్రి కూర్చునే చోటు సరిగ్గా షెడ్డు అంచున. కుక్కను మనకు కావాల్సిన వెలుతురులోకి లాక్కెళ్లకూడదు, మనమే దాని చుట్టూ తిరిగి ఆ మెరుపు కనపడే కోణం వెతుక్కోవాలి.

అక్కడ నాకు ఒక పెద్ద సాయం దొరికింది. వాన వెలిసి రెండు రోజులైతే షెడ్డు ముందు స్లర్రీ మళ్లీ ఆరి తెల్లబడుతుంది. ఫోన్ ఫోటోలను పాడుచేసిన ఆ తెలుపే ఇప్పుడు కింది నుంచి రిఫ్లెక్టర్ పని చేసింది. కర్రి గడ్డం కింద, ఛాతీ మీద ఉండే చీకటిని అది ఎత్తింది. ముదురు గోధుమరంగు కళ్లలో కంటిపాప, దాని చుట్టూ ఉన్న రంగు బ్లాక్ అండ్ వైట్‌లో కలిసిపోతాయి. కంట్లో ఒక వెలుగు చుక్క లేకపోతే కన్నే కనపడదు. కర్రి కంట్లో పైన ఆకాశానిది ఒకటి, కింద నేలది సన్నగా ఇంకొకటి పడ్డాయి. ఆ కింది గీత వల్లే కన్ను గుండ్రంగా, తడిగా కనిపిస్తుంది.

ఎక్స్‌పోజర్ సంగతి. అమెరికన్ ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1939-40 ప్రాంతంలో రూపొందించిన జోన్ సిస్టమ్ ఇలాంటి చోట ఇప్పటికీ పనికొస్తుంది. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లుగా విభజించి, ఏ వస్తువు ఏ మెట్టు మీద ఉండాలో ముందే మనం నిర్ణయించుకోవడం అందులో ముఖ్యమైన సంగతి. మధ్య బూడిద రంగు ఐదో మెట్టు. నల్లగా ఉంటూనే వెంట్రుక వివరం తెలియాలంటే మూడో మెట్టు. కాబట్టి ఒక్క చోటి వెలుతురునే కొలిచే స్పాట్ మీటర్ కర్రి భుజం మీద పెట్టి కొలిచి, కెమెరా చెప్పినదానికంటే రెండు స్టాపులు తగ్గించాను (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). తర్వాత ఫోటోలో నలుపు ఎంతో తెలుపు ఎంతో చూపించే గ్రాఫ్, అంటే హిస్టోగ్రామ్, కుడి చివర (తెలుపు వైపు) చూసుకున్నాను. స్లర్రీ తెలుపు అంచుకు తగలకుండా ఆగింది. ఎండలో అయితే ఇది కుదరదు, తెలుపుకూ నలుపుకూ మధ్య దూరం సెన్సార్ పట్టలేనంత పెరిగిపోతుంది. మబ్బు రోజు కావాలన్నది అందుకే. తీసినవన్నీ రా ఫైళ్లే, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన ఫైళ్లు.

లెన్సు 85 ఎం.ఎం., దూరం నాలుగు మీటర్లు, అపర్చర్ (లెన్సు తెరుపు) ఎఫ్/4, షట్టర్ సెకనులో 500వ వంతు, ఐఎస్ఓ (వెలుతురు పట్టే చురుకు) 1600. కూర్చున్న కుక్కకు అంత షట్టర్ స్పీడ్ ఎందుకని అడగొచ్చు. కుక్క కదలకపోయినా చెవి కదులుతుంది, ఈ ఫోటో మొత్తం ఆ చెవి మీదే ఉంది. ఇంకా దగ్గరికి వెళ్లి ముఖం మాత్రమే తీసేటప్పుడు ఎఫ్ అంకె 5.6 కు తక్కువ పెట్టను. కుక్క మూతి పొడుగు, కన్ను ఫోకస్‌లో ఉంటే ముక్కు చెదిరిపోతుంది. ఆటోఫోకస్ నల్ల కుక్క కన్ను పట్టుకోలేక తడబడుతుంది. కర్రికి కళ్ల పైన కనుబొమల చోట రెండు లేత గోధుమ మచ్చలున్నాయి. సింగిల్ ఫోకస్ పాయింట్ ఆ మచ్చ అంచు మీద పెడితే వెంటనే పట్టుకుంది.

ఇలాంటి యార్డులో ఫోటోలు తీసేవాళ్లకు ఒక మాట. లెన్సు అక్కడ మార్చొద్దు. గ్రానైట్ దుమ్ము గరుకు, లెన్సు మీద పడితే గుడ్డతో తుడవకుండా ముందు బ్లోయర్‌తో ఊదాలి. మాస్కు మీకు కూడా కావాలి. కుక్కకు రేబిస్ టీకా వేయించారో లేదో అడగండి, కర్రికి ఏటా పశువుల ఆసుపత్రిలో వేయిస్తారు. ఈ పని తరచూ చేసేవాళ్లు కరవకముందే వేయించుకునే రేబిస్ టీకా గురించి డాక్టర్‌తో మాట్లాడటం మంచిది.

ఏది ఉంచాం, ఏది పక్కన పెట్టాం

చూడగానే ఆకట్టుకునే ఫోటో ఒకటి వచ్చింది. పాలిష్ స్లాబు మీద కర్రి నిలబడితే దాని ప్రతిబింబం కింద పూర్తిగా పడింది, చుట్టూ గెలాక్సీ రాయిలోని చుక్కలు. యూనిట్ వాళ్లు కూడా చూసి క్యాలెండర్‌కు ఇమ్మన్నారు. నేను దాన్ని ఎంచుకోలేదు. ఆ చోట ఏ నల్ల కుక్క నిలబడినా ఆ ఫోటో అలాగే వస్తుంది. అందులో గొప్పతనం రాయిది, కర్రిది కాదు. క్యాలెండర్ విషయం పెద్దాయనకే వదిలేశాను, ఆయన వద్దన్నాడు.

ఎంచుకున్న ఫోటోలో కర్రి షెడ్డు అంచున కూర్చుని ఉంది. ముందుకాళ్ల మీద బరువు ఉంది, లేవడానికి సిద్ధంగా ఉన్న కూర్చోవడం అది. మోచేతుల దగ్గర బొచ్చు పోయి చర్మం గట్టిపడిన చోట్లు, పాదాల మీద ఆరిన స్లర్రీ కనిపిస్తాయి. ముఖం గేటు వైపు. ఎడమ చెవి వెనక్కి. వెనక నీడలో, ఫోకస్ బయట, పెద్దాయన మోకాళ్ల నుంచి కింది భాగం, కర్ర కొస. ఆయన ముఖాన్ని కావాలనే ఫ్రేమ్‌లోకి రానివ్వలేదు. మనిషి ముఖం ఉంటే చూసేవాళ్ల కన్ను ముందు దాని మీదికే పోతుంది. కాళ్లు మాత్రమే ఉంటే, ఆ చెవి ఎవరి కోసం తిరిగిందో తెలుస్తుంది, చూపు మళ్లీ కుక్క దగ్గరికే వస్తుంది.

రంగు నుంచి నలుపు తెలుపుల్లోకి

రా ఫైలును బ్లాక్ అండ్ వైట్ చేయడమంటే సాచురేషన్ (రంగు గాఢత) సున్నా చేయడం కాదు. ఒక్కో రంగు ఎంత తెల్లగా, ఎంత నల్లగా మారాలో మనమే చెప్పాలి. ఫిల్మ్ రోజుల్లో లెన్సు ముందు పసుపు, నారింజ ఫిల్టర్లు పెట్టి చేసిన పని ఇప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్లతో చేస్తున్నాం.

నారింజ స్లైడర్ కొంచెం పెంచితే కనుబొమల మచ్చలు, దవడ కింద గోధుమ రంగు పైకి తేలాయి. కుక్క ఎటు చూస్తోందో, ఎంత శ్రద్ధగా చూస్తోందో ఆ రెండు మచ్చల వల్ల తెలుస్తుంది. కానీ అదే స్లైడర్ బ్లాక్ గెలాక్సీ చుక్కల్ని కూడా వెలిగించింది. ఆ రాయిలో మెరిసే చుక్కలు రాగి, బంగారు ఛాయల్లో ఉంటాయి. బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చిన మెరుపు అది. వెనక స్లాబు మీద అవి తెల్లటి పొడి మచ్చలుగా మారి, ప్రింటు మీద దుమ్ము పడిందేమో అనిపించేటట్టు వచ్చాయి. కాబట్టి నారింజ పెంపును కుక్క తల వరకే పరిమితం చేసి (మాస్క్ చేసి), స్లాబు మీద తీసేశాను.

నీలం దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వెనక ఉన్న టార్పాలిన్ ముదురుగా అయిపోవాలని నీలం తగ్గించబోతే కర్రి వెన్ను మీది మెరుపు మొత్తం మాయమైంది. నీడలో కూర్చున్న నల్ల కుక్క మీద పడేది ఆకాశపు వెలుతురు, ఆ మెరుపు రంగు నీలమే. కలర్ ఫైలులో పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది. ల్యాండ్‌స్కేప్ ఫోటోలకు అలవాటుపడ్డ చెయ్యి నీలాన్ని కిందికి లాగేస్తుంది, నల్ల జంతువుల విషయంలో అది వాటి ఒంటి ఆకారాన్నే తీసేస్తుంది. అందుకని నీలం కాస్త పెంచి, టార్పాలిన్ ఉన్న భాగాన్ని మాత్రం విడిగా బర్న్ చేశాను, అంటే ముదురు చేశాను. నీలం మరీ పెంచితే నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు గింజ, వస్తుంది. కొంచెం గింజ ఉన్నా నాకు అభ్యంతరం లేదు. నాయిస్ తగ్గించే టూల్ గట్టిగా వాడితే వెంట్రుకలు అలికేసినట్టు అవుతాయి. గింజే నయం.

క్రేన్ పసుపు తగ్గించాను. అది వెనక్కి వెళ్లిపోయింది.

పెద్దాయన అభ్యంతరం

మొదటి ప్రూఫ్ (నమూనా) చూసి అమ్మాయి ఏడ్చింది. పెద్దాయన మాత్రం చాలాసేపు చూసి, "ఏందబ్బాయ్, దాన్ని ముసల్దాన్ని చేశావే" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో నిజముంది. కర్రి మూతి మీద తెల్ల వెంట్రుకలు వచ్చాయి. కలర్‌లో అవి గోధుమ రంగులో కలిసిపోయి అంతగా కనిపించవు. బ్లాక్ అండ్ వైట్‌లో, నలుపు పక్కన తెలుపు కాబట్టి, ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు కనిపిస్తాయి. నారింజ పెంచడం వల్ల దవడ కూడా తేలి, ఆ తెలుపు ఇంకా ఎక్కువైంది. వయసైన కుక్కల్ని ఇలా తీసేటప్పుడు ఈ సమస్య ప్రతిసారీ వస్తుంది. క్లారిటీ, కాంట్రాస్ట్ పెంచుకుంటూ పోతే ఫోటో గంభీరంగా ఉంటుంది, కుక్క మాత్రం నిజంగా ఉన్నదానికంటే నాలుగేళ్లు పెద్దదైపోతుంది.

తెల్ల వెంట్రుకల్ని చెరిపేయమంటే నేను చేయను, అది కర్రి ముఖం. కానీ అంత గట్టిగా చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆయన పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్‌లో మూతి దగ్గర నారింజ మళ్లీ సగానికి తగ్గించాను, కాంట్రాస్ట్ కొద్దిగా వదులు చేశాను. "ఆ, ఇదీ" అన్నచోట ఆపాను. రోజూ చూసే మనిషి కంటికి ఎంత తెలుపు కనిపిస్తుందో అంతే ఫోటోలో ఉండాలి. ఈ లెక్క ఏ మీటరూ చెప్పదు. అందుకే కుక్క ఫోటోల ప్రూఫ్‌లు ఇప్పుడు ఫోన్లో పంపకుండా, యజమాని పక్కన కూర్చుని చూపిస్తున్నాను.

ప్రింటు

మన దగ్గర ల్యాబుల్లో బ్లాక్ అండ్ వైట్ ఫైలును కూడా కలర్ పేపర్ మీదే వేస్తారు. పెళ్లి ఆల్బమ్‌లో ఒకటీ అరా పేజీ అయితే ఫరవాలేదు. కానీ ఫోటో నిండా నలుపు, బూడిద రంగులే ఉన్నప్పుడు ఎక్కడో ఒకచోట పచ్చ ఛాయో, గులాబీ ఛాయో తొంగిచూస్తుంది. ట్యూబ్‌లైటు కింద ఒకలాగా, పగటి వెలుతురులో ఇంకోలాగా కనిపిస్తుంది. దీనికి పిగ్మెంట్ ఇంకుతో వేసే ఇంక్‌జెట్ ప్రింటు కావాలని చెన్నైలో వేయించాను. మాట్ పేపర్ చూడటానికి బాగుంటుంది కానీ దాని మీద నలుపు పలచబడుతుంది. వెన్ను మీద మనం కష్టపడి సంపాదించిన మెరుపుకూ నలుపుకూ తేడా తగ్గిపోతుంది. అందుకే బరైటా రకం ఫోటో పేపర్ తీసుకున్నాం, దాని మీద నలుపు లోతుగా వస్తుంది, మెరుపు మరీ అద్దంలా ఉండదు. సైజు 12×18 అంగుళాలు.

లామినేషన్ వద్దని చెప్పాను. ఫ్రేమ్‌లో అద్దానికీ ప్రింటుకూ మధ్య ఖాళీ ఉండేలా చుట్టూ మౌంట్ బోర్డు (దళసరి అట్ట అంచు) పెట్టించాను. నెల్లూరు గాలిలో చెమ్మ ఎక్కువ, అద్దం ప్రింటుకు అంటుకుంటే బూజు పడుతుంది, ఊడదీస్తే పై పొర కూడా ఊడుతుంది. వానకు తడిసే గోడ మీద కాకుండా లోపలి గోడ మీద, కిటికీకి ఎదురుగా కాకుండా పక్కన తగిలించమన్నాను.

ఆ అమ్మాయి ఇదే ఫోటో ఫోన్ వాల్‌పేపర్‌గా కూడా కావాలంది. పంపి చూస్తే బాగాలేదు. అంత చిన్న తెర మీద చెవి తిరగడం తెలియదు, వెనక కాళ్లు ఒక మసక మరకగా అయిపోతాయి, మొత్తం కలిసి నీడలో కూర్చున్న ఒక నల్ల కుక్క మిగులుతుంది. అలాగని దాన్నే కత్తిరిస్తే ఆయన కాళ్లు పోతాయి. అందుకని ఫోన్ కోసం అదే ఉదయం తీసిన వేరే ఫ్రేమ్ ఇచ్చాను. అందులో తల, మెడ మాత్రమే ఉన్నాయి. కర్రి కళ్లు సగం మూసుకుని ఉంది. రెండు చెవులూ వెనక్కే తిరిగి ఉన్నాయి, పెద్దాయన అప్పుడే రేడియో పెట్టాడు.